మూడు వీధుల కూడలిలో ఎర్రనీళ్ళు

నమోదు 1

సరే, గోడకి బిగించిన ఈ పెట్టెలో పచ్చలైటు వెలిగింది కాబట్టి వింటున్నావనే అనుకుంటున్నా. ఏ భాషలో చెప్పినా రాసుకుంటావని కౌన్సిలు వాళ్ళన్నారు. అయితే తెలుగులోనే చెప్తా. ఇంగ్లీషులో రోజంతా ట్రాములో అరుస్తూనే ఉంటా, ఇంటికొచ్చి కూడా ఎందుకు?

నా పేరు అలివేలు. వెథర్లీలో కొండ మీదికెళ్ళే ట్రాము నడుపుతా. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఇంట్లో నేనూ, మా అమ్మ వరాలమ్మా. పైన ఒక గది ఖాళీగా ఉందని మీ యంత్రం చీటీ తీసి, దానికి వాటా గది అని పేరు పెట్టి, ఇవాళ పొద్దున్న ఇద్దర్ని తెచ్చి నా నెత్తిన పడేసింది. వాళ్ళ బాగోగులు నీకు చెప్తూ ఉండాలట. చెప్తున్నా, రాసుకో.

ఒకావిడ మార్నీ. ముప్ఫై ఏళ్ళుంటాయి. రెండోది ఆవిడ కూతురు ఫ్లోరా, నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళది తూర్పు తీరంలో సాల్ట్‌బీ అనే ఊరు. ఊరంటే ఇప్పుడు లేదులే, సముద్రం మింగేసింది. చర్చి శిఖరం ఒక్కటే నీళ్ళ పైకి కనిపిస్తుందట. మొగుడు పడవతో సహా పోయాడు. పాపం అనిపించింది, కాదనను. కానీ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వాటికి బురద, ఆ బురదతో తిన్నగా వంటింట్లోకి వచ్చేస్తే నాకు ఒళ్ళు మండదా? "బూట్లు బయట!" అని అరిచా. పిల్ల బెదిరిపోయి ఒక బూటు విప్పి చంకలో పెట్టుకుంది. రెండోది కాలికే ఉంది. అమ్మ పకపకా నవ్వి దాన్ని ఎత్తుకుని పెరుగన్నం పెట్టింది.

సాయంత్రం మా తమ్ముడు గిరిధర్ వచ్చాడు. పక్క వీధిలోనే ఉంటాడు. వస్తూనే మొదలెట్టాడు. "అక్కా, ఉప్పోళ్ళని ఇంట్లో పెట్టుకున్నావా?"

తీరం నుంచి వచ్చినవాళ్ళని ఊళ్ళో అందరూ అలాగే అంటారు. నేనూ అంటా.

"చీటీ పడిందిరా, ఏం చెయ్యమంటావు? కాదంటే జైలు."

"మన ముత్తాత కాయితాలన్నీ చూపించి ఈ దేశం వచ్చాడు. రెండు షిఫ్టులు పనిచేసి ఈ ఇల్లు కొన్నాడు. వీళ్ళేం తెచ్చారు? బురద."

అమ్మ పిల్ల మూతి తుడుస్తూ అంది. "మీ ముత్తాతని ఈ వీధిలోనే నిలబెట్టి, మీ ఊరికి పో అన్నార్రా. ఆయనకి పోవడానికి ఊరైనా ఉంది. వీళ్ళకేది?"

"అమ్మా, అదీ ఇదీ ఒకటి కాదు."

"ఏం, ఎందుకు కాదు?"

గిరి కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. కాఫీ తాగకుండానే విసవిసా వెళ్ళిపోయాడు. నేను ఎవరి వైపని అడిగితే, ఇవాళ మాత్రం గిరి వైపే. నా బాత్రూము నాకు కావాలి.

నమోదు 3

వాటా గదిలో ఇద్దరూ కులాసా. బతికున్నారా అన్న నీ ప్రశ్నకి జవాబు, బతికున్నారు.

మార్నీకి వంట రాదు. ఏదైనా నీళ్ళలో వేసి ఉడకబెట్టడమే. రసం పోస్తే కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తాగింది, మళ్ళీ పొయ్యమంది, అక్కడ నాకు నచ్చింది. ఏళ్ళుగా కారుతున్న వెనకింటి కప్పు ఎక్కి తారు పూసి ఒక్క పూటలో ఆపేసింది. పడవల మీద పనిచేసిన చేతులు. అయితే సంచీ మాత్రం విప్పలేదు. బూట్లూ సంచీ గుమ్మం దగ్గరే. ఎందుకంటే, "అలవాటైపోయింది మిసెస్ అలివేలు" అంటుంది. పిల్ల మా అమ్మని అమ్మమ్మా అంటోంది. నా ట్రాము టోపీ పెట్టుకుని ఇల్లంతా గంట కొట్టుకుంటూ తిరుగుతోంది. నేనేం నేర్పలేదు.

ఊరు మాత్రం కుతకుతా ఉడుకుతోంది. గుర్రప్పందేల మైదానంలో ఉప్పోళ్ళ గుడారాలు మొన్న తగలబెట్టారు. నిన్న నా ట్రాము మైదానం మలుపు తిరగ్గానే ఇటుక వచ్చి అద్దానికి తగిలింది. ఆ వెనక ఇంకోటి. ముందు సీట్లో ముసలాయన మొహం నిండా గాజుముక్కలు. ఒక కన్ను తెరుచుకోలేదు. ఆయన ఉప్పోడు కూడా కాదు, ఇక్కడి మంగలి! నేను దిగి "ఎవడ్రా అది?" అని తెలుగులో తిట్టిన తిట్లు మళ్ళీ చెప్పను, నువ్వు రాసుకుంటావు.

విసిరింది నేలదళం, ఉప్పోళ్ళని తరిమెయ్యాలని ఊళ్ళో లేచిన గుంపు. చేతికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుంటారు. మా పక్కింటి పెంబర్టన్ అందులో ఉన్నాడు, ట్రాము షెడ్డులో నాతో టీ తాగే హర్జిందర్ ఉన్నాడు, మా గిరి ఉన్నాడు. తెల్లవాళ్ళూ, పంజాబీలూ, మనవాళ్ళూ భుజం భుజం కలిపి తిరుగుతున్నారు. మా అమ్మమ్మ కాలం నుంచీ పెద్దమనుషులు టీవీల్లో కూచుని, ఈ జాతులన్నీ ఈ దేశంలో ఎప్పటికైనా కలుస్తాయా, కలవవా అని తెగ వాదించుకున్నారు. కలిశాయిగా! కొట్టడానికి ఇంకొకళ్ళు దొరగ్గానే చక్కగా కలిశాయి.

ఇవాళ షెడ్డులో హర్జిందర్‌ని నిలదీశా. వాడు టీ గ్లాసు పక్కన పెట్టి నెమ్మదిగా మాట్లాడాడు. "నాకు వాళ్ళ మీద కోపం లేదు అలివేలూ. మా అమ్మాయికి బళ్ళో చోటు లేదు. మీ అమ్మగారి మోకాలి ఆపరేషన్ ఎన్నిసార్లు వాయిదా వేశారు? ఊరు చిన్నది. ఎక్కడో ఒకచోట తలుపు వెయ్యాలి కదా?"

అది అబద్ధం కాదు. అమ్మ మెట్లెక్కలేక కింద గదిలోనే పడుకుంటోంది. కానీ ఆ మంగలి కన్ను ఏ తలుపురా అని అడిగా. వాడు గ్లాసు కడుక్కుని వెళ్ళిపోయాడు.

నమోదు 6

ఇది తొందరగా చెప్తా, బయట గోలగా ఉంది.

మధ్యాహ్నం బడి నుంచి ఫ్లోరాని మార్నీ మోసుకొచ్చింది. పిల్ల నుదురు పగిలింది. తోటి పిల్లలే రాళ్ళేశారట. "ఉప్పుపిల్లా, నీళ్ళలోకి పో" అన్నారట. నాలుగేళ్ళ వాళ్ళకి ఈ మాటలు ఎవరు నేర్పారు? ఇళ్ళల్లో మనమే. కుట్లు పడ్డాక పడుకోబెట్టాం, అంతే, కళ్ళు మూస్తే చాలు కెవ్వున కేక. ఒళ్ళు కాలిపోతోంది. మందు వేసినా తగ్గలేదు.

అమ్మ చూసి చూసి, "పిల్లకి దిష్టి తగిలింది, గట్టిగానే తగిలింది" అంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపూ సున్నమూ కలిపింది. నీళ్ళు చిక్కగా ఎర్రబడ్డాయి. మధ్యలో తమలపాకు మీద కర్పూరం వెలిగించి, పిల్ల పాత గౌను ముక్కతో సహా చుట్టూ తిప్పింది. మార్నీ గుడ్లప్పగించి చూస్తోంది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వీధి దిష్టి, ఊరి దిష్టి" అని అమ్మ అంటుంటే, ఏమిటని అడిగింది. చెప్పా. "ఊరి దిష్టి మళ్ళీ తిప్పమనండి" అంది. ఏడుస్తూనే నవ్వింది.

మామూలుగా ఆ నీళ్ళు పెరట్లో తూములో పోస్తాం. అమ్మ ఒప్పుకోలేదు. "ఇది ఊరంతటి దిష్టి. మూడు వీధుల కూడలిలో పోసి రా. వెనక్కి చూడకు." చీకటి పడేలోపే వెళ్ళి పోశా, గౌను ముక్క కూడా అక్కడే పడేశా. చిన్నప్పటి నుంచీ అలవాటు, వెనక్కి చూడకుండా తిన్నగా వచ్చేశా.

చూసి ఉంటే కనిపించేది. కూడలిలో దీపస్తంభం మీద కన్ను ఉంది కదా, వీధులన్నీ కాపలా కాసే మీ యంత్రం. అది ఎరుపెక్కి గిర్రున తిరుగుతోందట.

ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుంటే గోడ మీద వీధి కబుర్లొచ్చే తెర మోగింది. అందరి ఇళ్ళల్లోనూ మోగింది. "రక్తం లాంటి ద్రవం. పిల్లల దుస్తుల ముక్క. వాటా ఇంటికి సమీపంలో." పక్కన బొమ్మ. నా ఎర్రనీళ్ళు! నాకు నవ్వొచ్చింది, నీ తోడు. అమ్మని పిలిచి చూపించా. ఆవిడా నవ్వింది.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. దాని కింద ఎవరో రాశారు, పెంబర్టన్ మనవడు బడి నుంచి ఇంటికి రాలేదని. దాని కింద ఇంకెవరో రాశారు, ఉప్పుదాని పిల్లని కొట్టినందుకు ఆవిడ పగ తీర్చుకుందని. ఇంకొకడు, కత్తి కూడా చూశానన్నాడు. నేను తెర మీద గుద్ది గుద్ది చెప్పా, అది రక్తం కాదు, పసుపూ సున్నం, నేనే పోశానని. "మీ అభ్యంతరం అందింది. పరిశీలనలో ఉంది" అంది. నీ పరిశీలన తగలెయ్య! ఇప్పుడు వీధి చివర అరుపులు వినిపిస్తున్నాయి. తలుపు గడియ వేసి వస్తా.

నమోదు 7

నిన్న జరిగింది చెప్తున్నా. ముందు గది కాలిపోయింది. నువ్వు వంటింటి గోడకి ఉన్నావు కాబట్టి మిగిలావు.

వాళ్ళు వీధి నిండా ఉన్నారు. ఆకుపచ్చ గుడ్డలు, ఇనప కడ్డీలు, పెట్రోలు సీసాలు. పెంబర్టన్ మనవడి పేరు పెట్టి ఏడుస్తూ అరుస్తున్నాడు, ఆయన ఏడుపు నిజమే. అందరికంటే ముందు గిరి.

"అక్కా, తలుపు తియ్యి! ఆవిణ్ణి బయటికి పంపించు. మీ జోలికి ఎవరూ రారు."

పిల్లని బియ్యం డ్రమ్ములో కూచోబెట్టి మూత వారగా పెట్టా. మేడ మీది కిటికీ తెరిచి, గొంతు చించుకుని చెప్పా. "అది దిష్టి నీళ్ళు! పసుపూ సున్నం! మా అమ్మ తీసింది, నేను పోశాను! మా ఇళ్ళల్లో పిల్లలకి జబ్బు చేస్తే తీస్తాం! నామాట నమ్మకపోతే గిరిని అడగండి. వాడికి మా అమ్మ వందసార్లు తీసింది!"

అందరూ ఆగారు. నిజంగా ఆగారు. హర్జిందర్ కడ్డీ కిందికి దించాడు. పెంబర్టన్ గిరి చెయ్యి పట్టుకుని, "నిజమేనా? చెప్పు బాబూ, అది రక్తం కాదా?" అని అడిగాడు. పాపం ఆయన గొంతులో ఎంత ఆశ ఉందో నాకు మేడ మీదికే వినిపించింది.

గిరి నావైపు చూశాడు. తర్వాత తన వెనకున్న వాళ్ళవైపు చూశాడు.

"నాకు తెలీదు" అన్నాడు. "మా ఇళ్ళల్లో అలాంటివి చెయ్యరు."

 మొదటి సీసా ముందు గది కిటికీలోంచి పడింది. కర్టెన్లు అంటుకున్నాయి. నేను కిందికి పరిగెత్తేసరికి అమ్మ ఆ పళ్ళెం పట్టుకుని గుమ్మం వైపు కుంటుకుంటూ పోతోంది, చూపించి చెప్దామని. పగిలిన కిటికీలోంచి ఇటుక వచ్చి ఆవిడ భుజానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు విన్నా. అమ్మ కూలబడింది, పళ్ళెం దొర్లిపోయింది.

అప్పుడు మార్నీ నన్ను పక్కకి నెట్టింది. "వాళ్ళకి కావలసింది నేను. ఇల్లు తగలబడితే ఎలా, పిల్ల లోపలే ఉంది" అంది. గుమ్మం దగ్గర వంగి బూట్లు తొడుక్కుంది. పొగలో దగ్గుతూ, ఒకటీ, రెండోదీ. బయటే విడవాలని నేను చెప్పిన బూట్లు. గడియ తీసి బయటికి వెళ్ళింది. చేతులు పైకెత్తి, "ముసలావిణ్ణి వదిలెయ్యండి" అంది.

నేను పచ్చడిబండ పట్టుకుని వెనకే దూకా. గుమ్మంలో గిరి నన్ను వాటేసుకున్నాడు. "నువ్వు రాకక్కా, నిన్ను కూడా చంపేస్తారు" అంటున్నాడు. వాడి చేతి మీద బండతో కొట్టా. వేళ్ళు విరిగాయి. అయినా వదల్లేదు. అలా పట్టుకునే ఉన్నాడు, వాళ్ళు ఆవిణ్ణి జుట్టు పట్టి కూడలి దాకా ఈడ్చుకెళ్ళి, కడ్డీలతో కొట్టినంతసేపూ. ఒక్క కేక వినిపించింది. తర్వాత చప్పుడే.

నేను పోసిన ఎర్రనీళ్ళ మీదే ఆవిడ పడి ఉంది. ఇప్పుడు అక్కడున్నది నిజంగా రక్తమే.

మంటలు ఆర్పింది హర్జిందర్. ఏడుస్తూ బకెట్లు మోశాడు. పెంబర్టన్ మనవడు మేనత్త ఇంట్లో చేపల వేపుడు తింటూ దొరికాడు. తెల్లారాక కన్ను సవరణ వేసింది. "ద్రవం వృక్ష సంబంధమైనది. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

అసౌకర్యమట.

నమోదు 8

అమ్మ భుజానికి కట్టు కట్టారు. పిల్ల మాట్లాడటం లేదు. బియ్యం డ్రమ్ములోంచి తీస్తే మళ్ళీ అందులోకే పోతోంది. బియ్యం అంతా సంచిలోకి పోసి డ్రమ్ము దానికే వదిలేశా.

పోలీసులకి అందరి పేర్లూ చెప్పా. గిరి పేరు మొదట చెప్పా. కానీ గిరి ఎవర్నీ కొట్టలేదట. కాపాడే ప్రయత్నంలో చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. రాసుకుని, వదిలేశారు. తెలిసిన నిజం చెప్పనందుకు ఏ చట్టంలోనూ శిక్ష లేదు.

నమోదు 11

ఇది ఆఖరుసారి. ఇవాళ్టిది చెప్పేసి నిన్ను గోడ మీంచి పీకేస్తా.

కూడలిలో తీరంవాళ్ళు పూలు పెట్టారు. రోజూ సాయంత్రం ఒక పదిమంది వచ్చి కూచుంటున్నారు. వాళ్ళల్లో మార్నీ చిన్నాన్న ఆల్ఫ్ ఉన్నాడు. చేతిలో పడవలు లాగే ఇనప కొక్కెం కర్ర ఉంటుంది. ఊళ్ళో వాళ్ళు అటు చూడకుండా తప్పుకుని పోతున్నారు.

సందెవేళ గిరి వచ్చాడు. చేతికి పట్టీ. భుజం మీద వాడి కూతురు పావని, ఆరేళ్ళది. ఆ రోజు కూడలిలో జరిగిందంతా వాళ్ళ మేడ మీంచి చూసిందట. అప్పటి నుంచీ కళ్ళు మూస్తే కెవ్వున కేక. ఒళ్ళు కాలిపోతోంది. మందులు వేసినా తగ్గలేదు.

"అమ్మా, దీనికి దిష్టి తియ్యవూ" అన్నాడు.

నాకు రక్తం సర్రున లేచింది. "మీ ఇళ్ళల్లో అలాంటివి చెయ్యరుగా? పోరా బయటికి!"

వాడు నేల చూపులు చూస్తూ గొణిగాడు. "తెర మీద బొమ్మ చూడగానే తెలిసిందక్కా. ఇంట్లో ఉండగానే తెలిసింది. వాళ్ళని భయపెట్టి మైదానానికి పంపేస్తారనుకున్నా. చంపుతారనుకోలేదు."

"తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చా."

నేను పచ్చడిబండ కోసం చూశా, నిజం. అమ్మ మాత్రం పావనిని ఒళ్ళోకి తీసుకుంది. "పిల్ల ఏం చేసిందే? అలివేలూ, పసుపు అందుకో" అంది. ఒంటిచేత్తో నీళ్ళు కలిపింది, కర్పూరం వెలిగించింది. ఫ్లోరా డ్రమ్ములోంచి తల పైకెత్తి చూస్తోంది. అమ్మ దాన్ని కూడా పిలిచి పావని పక్కన కూచోబెట్టి, ఇద్దరికీ కలిపి తిప్పింది. ఊరి దిష్టి రెండుసార్లు తిప్పింది.

పళ్ళెం గిరి బాగున్న చేతిలో పెట్టింది.

"కూడలిలో పోసి రా."

"అమ్మా, అక్కడ వాళ్ళున్నారు."

"ఉన్నార్లే. పోసి, వెనక్కి చూసి మరీ రా."

వాడు గుమ్మం దగ్గర ఆగాడు. కానీ పావని కళ్ళు వాలుస్తూ మూలుగుతోంది. వెళ్ళాడు. నేను ఫ్లోరాని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డా. పూల పక్కన వంగి వాడు నీళ్ళు పోశాడు. దీపస్తంభం మీద కన్ను ఎర్రగా తిరిగింది. వీధిలో తెరలన్నీ ఒక్కసారి మోగాయి. "రక్తం లాంటి ద్రవం. వ్యక్తి గుర్తింపు, గిరిధర్." తలుపులు తెరుచుకున్నాయి. పెంబర్టన్ వచ్చాడు, హర్జిందర్ వచ్చాడు. తీరంవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆల్ఫ్ గిరి మెడ పట్టుకుని గోడకి ఆనించాడు. కొక్కెం గొంతు కింద పెట్టాడు.

"మా పిల్ల చచ్చిన చోట పోశావు. ఎవరి రక్తంరా అది?"

"దిష్టి నీళ్ళు" అన్నాడు గిరి. "పసుపూ సున్నం. మా అమ్మ తీసింది." ఎవరూ నమ్మలేదు. ఆ రోజు వాడన్న మాట అందరూ విన్నవాళ్ళే కదా.

"నీకు తెలీదన్నావుగా" అన్నాడు పెంబర్టన్.

గిరి నావైపు చూశాడు. "అక్కా, చెప్పవే!"

ఒక్క మాట చాలు. ఆ రోజు వాడి నోట్లో ఉన్న మాటే, ఇప్పుడు నా నోట్లో ఉంది. నిజం చెప్పనా? చెప్పాలనిపించలేదు. కొక్కెం మొన దగ్గర నెత్తురు చుక్క కనిపిస్తున్నా నేను ఊరుకునే ఉన్నా. వాడు ఏడుస్తున్నాడు. ఏడవనీ అనుకున్నా. మార్నీ చావుని ఎదురుగా ఎంతసేపు చూసిందో వాడూ అంతసేపూ చూడనీ అనుకున్నా. వెనక అమ్మ పావని నుదురు తుడుస్తూ కూచుంది.

ఫ్లోరా ఆ ఎర్రనీళ్ళవైపు వేలు చూపించింది. వాళ్ళమ్మ పోయాక మొదటిసారి నోరు విప్పింది. "అమ్మమ్మవి" అంది.

నేను గట్టిగా అరిచా. "ఆల్ఫ్, వదిలెయ్యి! అవి దిష్టి నీళ్ళే. మా అమ్మే తీసింది. వాడికి ఆ రోజూ తెలుసు, ఈ రోజూ తెలుసు."

ఆల్ఫ్ చాలాసేపు వాడి మొహంలోకి చూశాడు. ఆ తర్వాత కొక్కెం దించాడు. పెంబర్టన్ మెట్టు మీద చతికిలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. హర్జిందర్ తన చేతి గుడ్డ విప్పి జేబులో కుక్కుకున్నాడు. గిరి నాలుగడుగులు వేసి ఆగి, అమ్మ చెప్పినట్టే వెనక్కి చూశాడు. చూసినవాడు ఇక కదల్లేదు. అక్కడే నిలబడి ఉన్నాడు, పావని నిద్రపోయాక కూడా.

నీ ప్రశ్నకి జవాబు. వాటా గదిలో ఎవరూ లేరు. కొత్తవాళ్ళని పంపేముందు నాకు చెప్పు, కప్పు మళ్ళీ కారుతోంది. పిల్ల కింద అమ్మ దగ్గర పడుకుంటోంది.